పికప్ పడిపోయిన 2011 డీజిల్ కారు, పైగా విపరీతమైన కుదుపులు: టర్బో మార్చాలంటున్నారు, నిజమేనా?

నీలిరంగు_బండి (వనస్థలిపురం, హైదరాబాద్)
శనివారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 2011లో కొన్న 1.3 లీటర్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఇప్పటికి 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇన్నేళ్ల బండికి వచ్చే జబ్బులకు తయారు చేసినవాళ్ళను తప్పు పట్టడం న్యాయం కాదు.

సమస్యలు రెండు. మొదటిది, బండి లాగడం లేదు. ఒకప్పుడు 2,000 ఆర్‌పీఎం దాటగానే ఊపందుకునేది, ఇప్పుడు 3,000 దాకా తొక్కినా ఆ ఊపు రావడం లేదు. ఈ మధ్య శ్రీశైలం వెళ్ళినప్పుడు, ఆనకట్ట దగ్గర వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో, ఎప్పుడూ మూడో గేరులో ఎక్కే బండి రెండో గేరులో మూలుగుతూ ఎక్కింది. వెనక మరో కారులో వచ్చిన మా బావమరిది, ఎక్సలరేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా నల్ల పొగ వస్తోందని చెప్పాడు.

రెండోది కుదుపులు. చిన్న గుంతలో పడినా దెబ్బ నేరుగా నడుముకు తగులుతోంది. అమ్మ వెనక సీట్లో కూర్చోవడానికే జంకుతోంది.

ఒక షెడ్డులో చూపిస్తే, బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు చూసి, టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే భాగం) పోయిందనీ, నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చాలనీ, అన్నీ కలిపి 68,000 రూపాయలు అవుతుందనీ చెప్పారు. ఈ ఏడాదితో రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చూపించి మరో ఐదేళ్లు పొడిగించుకుందామని అనుకుంటున్న సమయంలో ఈ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. నాలుగు నెలల క్రితం ఇంజిన్ ఆయిలు, ఎయిర్ ఫిల్టరు మార్పించాను. డ్యాష్‌బోర్డు మీద చెక్ లైటు వెలగడం లేదు.

టెక్సాస్‌తెలుగు (డల్లాస్)
శనివారం, రాత్రి 11:25

నమస్తే అండి. నా 2008 కారుకు సరిగ్గా ఇలాగే పికప్ పోయినప్పుడు, ఒక ఇగ్నిషన్ కాయిల్, నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చగానే సర్దుకుంది. మీరు కూడా ముందు ప్లగ్గులు చూపించండి. అవి బాగుంటే సైలెన్సర్ లైనులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెట్టే చిన్న ఓబీడీ పరికరం ఒకటి కొనుక్కుంటే ఫోన్‌లోనే చాలా విషయాలు కనిపిస్తాయి. ఇక్కడ మేమందరం మెకానిక్ దగ్గరకు వెళ్ళే ముందు అదే పెట్టి చూసుకుంటాం.

షెడ్డుమనిషి (ఆటోనగర్, విజయవాడ)
ఆదివారం, ఉదయం 6:50

టెక్సాస్‌తెలుగు గారు, మీ సలహా పెట్రోల్ బండికి వర్తిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులు ఉండవు. ఉండేవి గ్లో ప్లగ్గులు, వాటి పని చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి సాయపడటం, పికప్‌తో వాటికి సంబంధం లేదు. పరికరం గురించి చెప్పినది మాత్రం మంచి మాట.

నీలిరంగు_బండి గారు, ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా ఒక మాట చెబుతాను. "బండి లాగడం లేదు" అనే ఫిర్యాదు కింద రెండు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. ఇంజిన్ బలం పుట్టించలేకపోవడం ఒకటి, పుట్టించిన బలం రోడ్డు దాకా చేరకపోవడం మరొకటి. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, టర్బో, దాని గొట్టాలు, ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే కవాటం), ఇంజెక్టర్లు మొదటి దానిలోకి వస్తాయి. క్లచ్ జారడం, బ్రేకులు పట్టేయడం, టైర్లలో గాలి తగ్గడం రెండో దానిలోకి వస్తాయి. ఏది మీదో తేలకుండా టర్బో మీద చెయ్యి వేయడం, జ్వరం చూడకుండానే ఆపరేషన్‌కు రాయడం లాంటిది.

అందుకని కొన్ని విషయాలు చూసి చెప్పండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50 వేగంతో వెళ్తూ ఎక్సలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా లేచి వేగం మాత్రం అలాగే ఉండిపోతే క్లచ్ ప్లేటు అరిగినట్టు. ముల్లు, వేగం రెండూ కలిసి నెమ్మదిగా పెరిగితే క్లచ్ మంచిదే. అదే సమయంలో అద్దాలు దించి వినండి. టర్బో ఈల తెలుస్తోందా, లేక సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు బుస్సుమని వినిపిస్తోందా? పది కిలోమీటర్లు తిరిగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి ఏది ఎక్కువ వేడిగా ఉందో చూడండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. డీజిల్ ఫిల్టరు చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా బిల్లు వెతికి చెప్పండి.

కొలిచిచూద్దాం (విశాఖపట్నం)
ఆదివారం, ఉదయం 8:15

పై పరీక్షలకు ఒకటి కలుపుతాను. "పికప్ తగ్గింది", "కొంచెం మెరుగైంది" అనే మాటలతో ఏ మరమ్మతు ఎంత పనిచేసిందో ఎవరూ తేల్చలేరు. మూడో గేరులో 40 నుంచి 80 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో కొలవండి. సమయం చూసే పని పక్క సీట్లో మనిషిది కావాలి, నడిపేవారిది కాదు. రోడ్డు చదునుగా ఉండాలి, ఏసీ ఆపాలి, రెండు వైపులా ఒక్కోసారి కొలిచి సగటు తీయాలి. అంకె ఒకటి కాగితం మీద ఉంటే, రేపు ఎవరు ఏది మార్చినా దాని ఫలితం మీకే తెలుస్తుంది.

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)
ఆదివారం, ఉదయం 10:40

నా అనుభవం వేరు. ఇదే వయసు డీజిల్ బండికి నేను ఈజీఆర్ వాల్వు దగ్గర చిన్న రేకు ముక్క పెట్టించి మూయించేశాను, ట్యాంకులో ఇంజెక్టర్ క్లీనర్ సీసా ఒకటి పోశాను. ఖర్చు మొత్తం 900 రూపాయలు. బండి మళ్ళీ కుర్రబండి అయింది. ముందు ఈ చవక పని చేసి చూడండి, ఆ తర్వాత మిగతావి.

షెడ్డుమనిషి
ఆదివారం, మధ్యాహ్నం 12:05

గోదావరిగట్టు గారు, మీ బండికి నయమైందన్న మాటను నేను కాదనడం లేదు. ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోతే, కాలిన పొగ మళ్ళీ ఇంజిన్‌లోకి చేరి, తాజా గాలి తగ్గి, బండి మందగించి నల్ల పొగ వస్తుంది. అప్పుడు దాన్ని మూస్తే తేడా కనిపించడం సహజమే. అయితే వాల్వు విప్పి కడిగితే వచ్చే ఫలితం కూడా అదే. ఈజీఆర్ పెట్టింది నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి. దాన్ని మూయడం చట్టప్రకారం తప్పు, ఫిట్‌నెస్‌కు వెళ్ళబోతున్నవారికి అసలు చెప్పదగిన సలహా కాదు. సీసా మందుల విషయానికి వస్తే, చిరిగిన గొట్టాన్ని కుట్టే సీసాను నేను ఇంతవరకు చూడలేదు.

ఓరుగల్లు_చక్రం (హనుమకొండ)
ఆదివారం, మధ్యాహ్నం 1:30

పికప్ గురించి పెద్దలు మాట్లాడుతున్నారు కాబట్టి నేను కుదుపులకే పరిమితమవుతాను. మాది మూడు తరాల టైర్ల దుకాణం. కుదుపు అని వచ్చేవారిని మా నాన్నగారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "రోడ్డు నున్నగా ఉన్నప్పుడు కూడా కుదుపుతోందా?" గుంతల్లోనే కుదిపితే లోపం సస్పెన్షన్‌లోనో, గాలి ఒత్తిడిలోనో ఉంటుంది. అద్దంలాంటి రోడ్డు మీద కూడా ఊగితే చక్రంలోనో, టైరులోనో ఉంటుంది. రెండు చోట్లా వస్తే రెండూ ఉన్నట్టే, దానికి ఆశ్చర్యపోనక్కరలేదు.

మీకు అవుటర్ రింగ్ రోడ్డు దగ్గరే కాబట్టి దాని మీద 60 నుంచి 90 మధ్య వేగాల్లో వెళ్ళి చూడండి. ఊపు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనక చక్రాలు అని సాధారణంగా అనుకోవచ్చు. ఊగుతున్నప్పుడు ఎక్సలరేటర్ మీద నుంచి కాలు తీసేసినా ఊపు అలాగే ఉందా, తగ్గిందా అన్నది కూడా గమనించండి. కాలు తీయగానే ఆగిపోతే అది టైరు కాకపోవచ్చు, యాక్సిల్ జాయింట్ల వైపు చూడాలి.

టైర్లలో గాలి ఎంత కొట్టిస్తున్నారు? టైరు పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. అవి నాలుగు టైర్లవీ రాయండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.

నీలిరంగు_బండి
సోమవారం, రాత్రి 10:20

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చేసి చూశాను.

మూడో గేరులో 40 నుంచి 80కి ఒకవైపు 16.8 సెకన్లు, మరోవైపు 16.2 సెకన్లు పట్టింది. క్లచ్ పరీక్షలో ముల్లు, వేగం కలిసే పెరిగాయి. అద్దాలు దించి విన్నప్పుడు, 2,000 దాటాక, కుక్కరు విజిల్ వేయబోయే ముందు వచ్చే బుస లాంటి శబ్దం స్పష్టంగా వినిపించింది. ఇన్నాళ్లూ ఏసీ వేసుకుని అద్దాలు మూసుకుని తిరగడం వల్ల అది నా చెవిన పడలేదు. చక్రాల్లో ముందు రెండూ సమానమైన వేడిలో ఉన్నాయి. వెనక కుడిది గోరువెచ్చగా ఉంది. వెనక ఎడమది మాత్రం జానెడు దూరంలో చెయ్యి పెట్టినా సెగ తగిలేంత వేడిగా ఉంది. డీజిల్ ఫిల్టరు బిల్లు దొరికింది, మార్చి 34,000 కిలోమీటర్లు అయింది.

కుదుపులు రెండు చోట్లా ఉన్నాయి. రింగ్ రోడ్డు మీద 65 నుంచి 80 మధ్య సీటు కింద లయగా ఊపు వస్తోంది. ఎక్సలరేటర్ వదిలేసినా వేగం తగ్గేదాకా అలాగే ఉంది. గాలి ఒత్తిడి సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. "మైలేజీ వస్తుంది సార్" అని బంకు కుర్రాడు చెప్పిన మాట నమ్మి ఏడాదిగా 40 కొట్టిస్తున్నాను. డ్రైవరు డోరు పక్క స్టిక్కరు మీద 30 అని ఉంది. టైర్ల అంకెలు: ముందు రెండూ 1121, వెనక కుడి 1121, వెనక ఎడమ 2316.

ఓరుగల్లు_చక్రం
సోమవారం, రాత్రి 10:55

వెనక ఎడమ టైరు 2016లో 23వ వారంలో తయారైంది. అది బహుశా స్టెప్నీగా ఉండి, ఎప్పుడో పంక్చరైనప్పుడు కిందికి దిగి అక్కడే ఉండిపోయి ఉంటుంది. దాని మీద గాడి బాగానే కనిపిస్తుంది, అందుకే ఎవరూ అనుమానించరు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే టైరు మార్చాలని అందరికీ తెలుసు, కానీ గాడి మిగిలి ఉన్నా రబ్బరు ముదిరిపోతుందని, లోపలి తీగల పొర విడిపోతుందని చాలామందికి తెలియదు. అదే చక్రం బ్రేకు వేడికి రోజూ కాలుతూ ఉంటే చెప్పేదేముంది?

జాకీ ఎత్తి ఆ చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. నేల మీద ఇటుక పెట్టి, దాని మీద పెన్సిల్‌ను టైరుకు దాదాపు తగిలేలా ఆనించి ఉంచండి. టైరు గుండ్రంగా ఉంటే ఆ సందు తిరిగినంతసేపూ ఒకేలా ఉంటుంది. ఉబ్బు ఉంటే అది వచ్చినప్పుడల్లా పెన్సిల్‌ను తాకుతుంది. చక్రం తేలికగా తిరగకపోతే అది కూడా గమనించండి, బ్రేకు పట్టేస్తోందన్న అనుమానానికి సాక్ష్యం అక్కడే దొరుకుతుంది.

గాలిని రేపు ఉదయమే, బండి కదలక ముందు చల్లటి టైర్లలో 30కి దించండి. 40 గాలితో గట్టిపడిన టైరు చిన్న రాళ్ళ దెబ్బను కూడా మింగుకోలేదు. మీ అమ్మగారి నడుముకు సగం ఉపశమనం పైసా ఖర్చు లేకుండానే వస్తుంది.

కొలిచిచూద్దాం
సోమవారం, రాత్రి 11:10

16 సెకన్లు అంటే చాలా ఎక్కువ. ఈ తరగతి ఇంజిన్లు ఉజ్జాయింపుగా 75 హార్స్‌పవర్, 2,000 ఆర్‌పీఎం వద్ద 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేవి. ఆరోగ్యంగా ఉంటే ఆ పని పది సెకన్ల దరిదాపుల్లో కావాలి.

ఓబీడీ పరికరం దొరికితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఒత్తిడి, అంటే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి చూడండి. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి, ఇంజిన్ ఆపి తాళం మాత్రం తిప్పితే దాదాపు 95 కిలోపాస్కల్స్ చూపించాలి. అది బయటి గాలి ఒత్తిడి. పూర్తిగా తొక్కి వెళ్తున్నప్పుడు వచ్చే అంకెలోంచి ఆ 95 తీసేస్తే మిగిలేదే టర్బో చేస్తున్న కష్టం. చెక్ లైటు వెలగలేదు కాబట్టి అంతా బాగుందని అనుకోవడానికి లేదు. ఆ కాలపు బండ్లలో ఇలాంటి లోపాలకు లైటు వెలగకుండా నడిచిపోవడం మామూలే.

షెడ్డుమనిషి
మంగళవారం, ఉదయం 6:30

నీలిరంగు_బండి గారు, మీరు చెప్పిన బుసతో నా అనుమానం గొట్టం మీదికి పోయింది. టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే దారిలో రబ్బరు గొట్టాలు ఉంటాయి. వాటికి ఆయిలు ఆవిరి, ఇంజిన్ వేడి రెండూ తగిలి, ఏళ్లు గడిచేసరికి వంపు దగ్గర అడుగుభాగాన చీలుతాయి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ చీలిక పెదవులు మూసుకున్నట్టు ఉంటుంది. పైనుంచి టార్చి వేసి చూసినవారికి ఏమీ కనబడదు. గాలి ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అప్పుడు కొలిచిన గాలి కొంత బయటికి పోతుంది, డీజిల్ మాత్రం లెక్క ప్రకారం పడుతుంది. అది పూర్తిగా కాలడానికి గాలి చాలక నల్ల పొగగా బయటికి వస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక గొట్టం కింద వేళ్ళు పెట్టి తడమండి. జిడ్డుగా నల్ల మసి అంటితే అక్కడే నొక్కి, వంచి చూడండి. క్లిప్పులు వదులుగా ఉన్నాయేమో కూడా చూడండి. నమ్మకమైన షెడ్డులో అయితే, ఒక చివర మూసి, ఒక బార్‌కు మించకుండా గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు పూసి బుడగలు చూస్తారు.

ఇక టర్బో నిజంగా పోయిందా అన్నది కూడా తేల్చుకోవచ్చు. గాలి లోపలికి వెళ్ళే వైపు గొట్టం విప్పితే చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. దాన్ని వేళ్ళతో పట్టుకుని కదపండి. అటూ ఇటూ రవ్వంత ఆట ఉండటం మామూలే. ముందుకీ వెనక్కీ ఆట తెలియకూడదు, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు, అక్కడ ఆయిలు మడుగు కట్టకూడదు. ఈ మూడూ లేకపోతే ఆ టర్బోను కదిలించవద్దు.

డీజిల్ ఫిల్టరు ఎలాగూ మార్చండి. 34,000 కిలోమీటర్లంటే దాని గడువు దాటిపోయింది. అయితే ఒకేరోజు అన్నీ మార్చవద్దు. ఒకటి మార్చి, కొలిచి, ఆ తర్వాతే రెండోది.

నీలిరంగు_బండి
ఆదివారం, సాయంత్రం 6:45

ఈ రోజు ఉదయం నుంచి పార్కింగ్‌లోనే ఉన్నాను. చేతులకు అంటిన మసి మూడుసార్లు కడిగినా పోలేదు.

మొదట టర్బో చక్రం చూశాను. ముందుకీ వెనక్కీ ఆట లేదు, గీతలు లేవు. ఆ తర్వాత గొట్టం. పైనుంచి చూస్తే కొత్తదిలాగే ఉంది. అడుగున చెయ్యి పెట్టగానే మధ్యవేలు నల్లటి జిడ్డుతో పైకి వచ్చింది. క్లిప్పులు వదులు చేసి బయటికి తీసి, రెండు చేతులతో పట్టుకుని వంచితే, వంపు లోపలి వైపు దాదాపు మూడు వేళ్ళ పొడవున చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మళ్ళీ మూసుకుపోయి ఎక్కడుందో కూడా కనబడలేదు. ఆ షెడ్డులో ఐదు నిమిషాల్లో ఇది కనిపించకపోవడంలో వింతేమీ లేదు గానీ, చూడకుండానే టర్బో అనడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

కొత్త గొట్టం 1,350 రూపాయలకు దొరికింది. నేనే బిగించాను. వెంటనే వెళ్ళి కొలిస్తే 10.9 సెకన్లు. సహోద్యోగి దగ్గర తెచ్చిన ఓబీడీ పరికరంలో, గొట్టం మార్చక ముందు పూర్తిగా తొక్కినా 128 దాటని ఒత్తిడి, ఇప్పుడు 204 దాకా వెళ్ళింది. కొలిచిచూద్దాం గారి లెక్కలో చూస్తే టర్బో కష్టం 33 నుంచి 109కి పెరిగింది. నిజానికి అది మొదటి నుంచీ కష్టపడుతూనే ఉంది, ఆ గాలి దారిలోనే పోతోంది.

వెనక ఎడమ చక్రం జాకీ ఎత్తితే చేత్తో తిప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. పెన్సిల్ పరీక్షలో ప్రతి చుట్టుకూ ఒకచోట టక్కుమని తగిలింది. అక్కడ వేలితో తడిమితే అరచేయంత మేర బొబ్బలా ఉబ్బి ఉంది. ఆ టైరు తీసేసి స్టెప్నీ వేశాను. గాలి 30కి దించాను.

ఇప్పుడు అడగవలసినది షాక్ అబ్జార్బర్ల గురించి. నాలుగూ మార్చాలా?

గోదావరిగట్టు
ఆదివారం, రాత్రి 8:00

నా సలహా విని ఈజీఆర్ మూసి ఉంటే ఆ చీలిక అలాగే ఉండిపోయేది. షెడ్డుమనిషి గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నేను కూడా మా బండిది విప్పించి, కడిగించి, ఆ రేకు ముక్క తీయించేస్తాను.

షెడ్డుమనిషి
ఆదివారం, రాత్రి 9:15

మంచి మాట అన్నారు గోదావరిగట్టు గారు.

ఆ వెనక చక్రం బ్రేకు డ్రమ్ము విప్పించండి నీలిరంగు_బండి గారు. వర్షాకాలంలో హ్యాండ్ బ్రేకు లాగి రోజుల తరబడి నిలిపే అలవాటు ఉంటే, కేబుల్ తొడుగులోకి నీరు చేరి తుప్పు పట్టి, లివరు దించినా కేబుల్ వెనక్కి రాదు. బ్రేకు షూలు డ్రమ్మును ఒరుసుకుంటూనే ఉంటాయి. చక్రంలో ఆయిలు కారుతున్న సిలిండరు కూడా కారణం కావచ్చు. ఎప్పుడూ కాస్త బ్రేకు పట్టి ఉన్న బండికి పికప్ ఉండదు, మైలేజీ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఘాట్ దిగేటప్పుడు అది ప్రమాదం. ఇందులో చూద్దాంలే అన్న మాట వద్దు.

షాక్‌ల విషయంలో మా దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. బండి మూలను రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదిలితే, ఒకసారి లేచి, స్థిమితపడాలి. రెండు మూడు ఊపులు ఊగితే షాక్ బలం పోయినట్టు. ఈ పరీక్ష పూర్తిగా చచ్చినదాన్ని పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించకపోవచ్చు. కాబట్టి ఆయిలు కారిన జాడ కూడా చూడాలి. వెనక భాగంలో షాక్ రాడ్డుకు తొడిగి ఉండే రబ్బరు బఫరు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. మనుషులు నిండా ఎక్కినప్పుడు స్ప్రింగు అడుగంటకుండా కాపాడేది అదే. అది లేకపోతే ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది, ఆ దెబ్బ వెనక కూర్చున్నవారి నడుముకు తగులుతుంది.

ఒకవైపు పోతే అదే వరుసలో రెండోవైపు కూడా మార్చండి, జత తప్పకూడదు. ముందువి బాగుంటే వాటి జోలికి వెళ్ళవద్దు.

కొలిచిచూద్దాం
ఆదివారం, రాత్రి 9:40

చిన్న పక్కమాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మన కాలనీల్లో మూరెడు వెడల్పున సిమెంటు దిమ్మలు పోసి అదే పేరు పెడుతున్నారు. వాటి మీద కొత్త బండికైనా నడుము నొప్పి తప్పదు. కాబట్టి షాక్‌లు మార్చాక పరీక్షించడానికి ఆ దిమ్మల్ని కొలమానంగా తీసుకోకండి.

పెట్రోల్‌పాత2006 (కర్నూలు)
సోమవారం, ఉదయం 9:05

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది 2006 పెట్రోల్ బండి, టర్బో లేదు. ఇదే రకంగా లాగడం లేదు, ఎక్కుడు రోడ్డులో తొక్కితే దగ్గినట్టు చేస్తోంది. ఈ పరీక్షలు నాకూ వర్తిస్తాయా?

షెడ్డుమనిషి
సోమవారం, మధ్యాహ్నం 2:20

క్లచ్, బ్రేకు, టైర్ల పరీక్షలు ఏ బండికైనా ఒకటే. దగ్గినట్టు చేయడం మాత్రం మంట సరిగా అంటుకోకపోవడానికి గుర్తు. మీ విషయంలో టెక్సాస్‌తెలుగు గారి సలహాయే సరైనది. ముందు ప్లగ్గులు, వైర్లు లేదా కాయిళ్ళు, ఆ తర్వాత పెట్రోల్ ఫిల్టరు, పంపు ఒత్తిడి చూపించండి. వివరాలతో వేరే చర్చ మొదలుపెడితే అక్కడ మాట్లాడుకుందాం, ఈ బండి కథ ఇక్కడ ముగియనివ్వండి.

నీలిరంగు_బండి
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

ఆలస్యానికి మన్నించాలి. జరిగినవి వరసగా రాస్తున్నాను.

వెనక ఎడమ డ్రమ్ము విప్పితే షూలు అద్దంలా నున్నబడి, డ్రమ్ము లోపల నీలిరంగు మచ్చలు పడి ఉన్నాయి. కేబుల్ సగంలో తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు కేబుళ్ళు, షూల సెట్టు మార్చారు, డ్రమ్ము లేతులో సరిచేశారు. మజూరీతో 3,900 రూపాయలు. ఇప్పుడు చక్రాన్ని ఒక వేలితో తిప్పితే తిరుగుతోంది. మళ్ళీ కొలిస్తే 10.1 సెకన్లు. డీజిల్ ఫిల్టరు మార్చాక 9.8 వచ్చింది. ఆ 0.3 సెకన్ల తేడా ఫిల్టరుదో, నా తమ్ముడి బొటనవేలిదో నేను ఖచ్చితంగా చెప్పలేను.

వెనక షాక్‌లలో కుడిది ఆయిలు కక్కేసి ఉంది. రెండు బఫర్లూ వేలితో నొక్కితే బిస్కెట్టులా రాలిపోయాయి. వెనక జత, బఫర్లు కలిపి 5,200 రూపాయలు అయింది. ముందువి నొక్కి చూస్తే ఒకసారే లేచి ఆగాయి, వాటిని ముట్టుకోలేదు. ఒక కొత్త టైరు వేయించి, దాన్ని ముందుకు జరపకుండా వెనకే పెట్టించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను. 65 దగ్గర వచ్చే ఊపు పూర్తిగా పోయింది.

గొట్టం, బ్రేకులు, షాక్‌లు, టైరు, ఫిల్టరు అన్నీ కలిపి 15,800 రూపాయలు తేలింది. కాలుష్య తనిఖీలో కూడా పొగ హద్దు లోపలే వచ్చింది. అమ్మను తీసుకుని నిన్న యాదగిరిగుట్ట వెళ్ళి వచ్చాం. తిరుగు ప్రయాణంలో ఘట్‌కేసర్ దాకా నిద్రపోయింది.

ఒక్కటి మాత్రం మిగిలింది. చిన్న రాళ్ళ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తే ముందు ఎడమవైపు నుంచి టకటకమని సన్నటి శబ్దం వస్తోంది. స్టీరింగ్ తిప్పినా మారడం లేదు.

షెడ్డుమనిషి
ఆదివారం, రాత్రి 9:50

చాలా సంతోషం. ఆ శబ్దం చాలావరకు స్టెబిలైజర్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింక్ రాడ్డుది అయి ఉంటుంది. చక్రం పక్కకు పూర్తిగా తిప్పి, ఆ రాడ్డును చేత్తో పట్టుకుని కదిపితే చేతికే టక్కు తెలుస్తుంది. అది కాకపోతే లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ కీలులోని రబ్బరు చూడాలి. రాడ్డు చవక సరుకు, రెండు వైపులా మార్పించండి.

బుష్‌లు మార్చవలసి వస్తే ఒక్క జాగ్రత్త తీసుకోండి. బండి గాల్లో ఎత్తి ఉన్నప్పుడే బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందికి దించగానే లోపలి రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. అలాంటి బుష్ ఏడాది తిరక్కముందే చిరుగుతుంది, బండి కూడా బిర్రుగా ఉంటుంది. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించమని దగ్గరుండి చెప్పండి. వెనక షాక్‌ల కింది బోల్టులు ఎలా బిగించారో కూడా అడిగి తెలుసుకోండి.

నీలిరంగు_బండి
సోమవారం, ఉదయం 7:15

అడిగాను. గాల్లోనే బిగించారట. ఈ సాయంత్రం తీసుకెళ్ళి వదులు చేయించి, కిందికి దించాక మళ్ళీ బిగింపిస్తాను. లింక్ రాడ్డు కదిపి చూశాను, చేతికి టక్కు తెలిసింది.